పదకొండు రోజులు

ఎర్ర అట్ట పుస్తకం పోయినరోజు మాస్టారు ఇల్లంతా గాలించారు. ఆస్పత్రి నుంచి వచ్చిన సంచి బోర్లించారు. సబ్బుపెట్టె, దువ్వెన, కళ్లద్దాలు. పుస్తకం లేదు.

అది ఆయన భార్య అప్పగింత పుస్తకం. డ్యూటీ దిగేముందు ఆమె ప్రతి పడక దగ్గరా ఆగి, ఎవరికి ఏ మందు పడిందో, ఎవరు సరిగ్గా నిద్రపోలేదో, అన్నీ వచ్చే నర్సుకి చదివి వినిపించేది. అవతలి మనిషి "అందింది" అంటేనే తర్వాతి పడకకి కదిలేది. గేటు బయట స్కూటర్ మీద కాచుక్కూర్చున్న మాస్టారు, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని కూడా తనింతసేపు నిలబెట్టనని సణిగేవారు.

"మీ పిల్లలు రేపు మళ్లీ వస్తారు. నావాళ్ల సంగతి అలా కాదుగా" అనేది ఆమె, వెనక సీటెక్కుతూ.

మూడోరోజు వార్డు ఆయా ఆ పుస్తకం తెచ్చి ఇచ్చింది. పరుపు ఎండలో వేయబోతే కింద కనబడిందట. మాస్టారు గడప మీదే కూర్చుని చదివారు. ఎన్నడూ గీత దాటని ఆ చేతిరాత ఆఖరి పేజీల్లో గీతలు దాటి వంకర్లు పోయింది. కానీ ఒక్కరోజూ తప్పలేదు.

ఆ వారమే ఆస్పత్రివాళ్లు ఆమె సేవలకి సన్మానసభ తలపెట్టారు. ప్రశంసాపత్రం నకలు మాస్టారికి పంపి, అక్షరదోషాలుంటే దిద్దిపెట్టమన్నారు. ఆయనకి దోషం ఒక్కటే కనబడింది. 'ముప్పై అయిదు సంవత్సరాల పదకొండు నెలల పంతొమ్మిది రోజుల సేవ' అన్నచోట ఎర్రసిరాతో కొట్టేసి, 'ముప్పై ఆరు సంవత్సరాలు' అని రాసి, స్వయంగా ఆఫీసుకి పట్టుకెళ్లారు.

గుమాస్తా ఆయన పాత శిష్యుడే. తల గోక్కున్నాడు. ఆఖరి పదకొండు రోజులూ సెలవు కింద పోయాయని, హాజరుపట్టీలో సంతకాలు లేవని నీళ్లు నమిలాడు.

"సంతకం లేదు. పని ఉంది." మాస్టారు పుస్తకం బల్ల మీద పెట్టారు.

"మేడమ్ గారే ఉంటే రూలు రూలే అనేవారండీ."

"అందుకే నేనొచ్చాను. కూడికల్లో నువ్వు అప్పుడూ ఇంతే. దిద్దు."

దిద్దలేదు. సభరోజు అద్దం బిగించిన పత్రంలో పాత అంకెలే ఉన్నాయి. సూపరింటెండెంట్ ఆమెని ఆకాశానికెత్తేశారు. ఆమెకి పొగడ్తలంటే పడేది కాదు. ఎవరి సభయినా గోడవారగా నిలబడి, సగంలోనే వార్డుకి జారుకునేది. పత్రం అందించబోతే మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"పదకొండు రోజులు తక్కువగా నేను తీసుకోను సార్."

"మాస్టారూ, నలుగురిలో ఎందుకు చెప్పండి..."

"నలుగురిలోనే తేలాలి."

జేబులోంచి పుస్తకం తీశారు. మైకు దగ్గరికి లాక్కుని, హాజరు పిలిచే గొంతుతో ఆఖరి పేజీ అందుకున్నారు.

"ఒకటో పడక. కుట్లు విప్పాలి. కత్తెర చూస్తే భయం, మాటల్లో పెట్టి విప్పండి."

ముందువరసలో ఎవరో వాచీ చూసుకున్నారు. మాస్టారు పేజీ మీంచి తలెత్తలేదు. కదల్లేదు కూడా. చిట్టచివరి వరసలో వార్డు ఇన్‌ఛార్జి నర్సు లేచి నిలబడింది. మాస్టారి భార్య చేతికింద పని నేర్చుకున్న పిల్ల.

"అందింది" అంది.

"రెండో పడక. పెద్దావిడ మాత్రలు మింగడం లేదు. దిండు గలీబులో దాస్తోంది."

"అందింది."

మూడు, నాలుగు. ఒక్కొక్కరే నర్సులంతా లేచారు.

"అయిదో పడక. ఏడవనివ్వండి, ఆపొద్దు. తర్వాత ఇంటికి ఫోను కలిపివ్వండి. తనంతట తను అడగదు."

"అందింది." ఈసారి వరసంతా అంది.

ఆరు తర్వాత ఆయన ఎనిమిది చదివారు. పుస్తకంలో అలాగే ఉంది. ఇన్‌ఛార్జి నర్సు అక్కడ ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది. తర్వాత "అందింది" అంది.

సూపరింటెండెంట్ కలం తీశారు. అద్దం విప్పించి, పాత అంకెలు కొట్టేసి, పైన 'ముప్పై ఆరు' అని రాసి, పక్కన పొట్టి సంతకం గిలికారు. గుమాస్తా అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. మాస్టారు పత్రం చంకన పెట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేదిక మెట్లు దిగారు.

ఎనిమిదింట్లో ఏడు పడకల అప్పగింత పూర్తయింది. ఆ పదకొండు రోజులూ ఆమె రోగిగా పడుకుని, అక్కణ్ణుంచే మిగతావాళ్లని కనిపెట్టుకుంటూ, కన్నుమూసిన ఏడో పడకది మాత్రం ఇంకా మిగిలే ఉంది.