కరగని టేపు

సెల్లో టేపు మళ్లీ జారింది. స్లైడ్‌ని కళ్లకు పెట్టుకుని చూసే వ్యూయర్‌లో చిన్న బల్బు వేడెక్కేసరికి జిగురు మెత్తబడి, ఎడమవైపు ఫిల్మ్ ముక్క వంకరగా కిందికి దిగిపోయింది. బొమ్మలోని ఒక్క సోనీ కాస్తా ఇద్దరు సోనీలై చెరో దిక్కుకు పోయారు. నగేష్ తల పట్టుకున్నాడు.

గదిలో మంచం మీద తండ్రి మొగులయ్య గొంతు గురగురమంటోంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని పొద్దునే ఆసుపత్రిలో చెప్పేశారు. మాదన్నపేటలో ఆటో దిగినప్పటి నుంచీ ఆయనది ఒకటే మాట.

"నా సోనీని చూపియ్యుండ్రి."

సోనీ నగేష్‌కు అక్క. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. ఆ పిల్ల బొమ్మ అంటూ మిగిలింది ఈ స్లైడ్ ఒక్కటే. ఫొటో స్టూడియోలో పనిచేసే రోజుల్లో మొగులయ్య రెండు కళ్ల కెమెరాతో తీశాడు. అట్ట చట్రంలో రెండు ఫిల్మ్ ముక్కలూ పక్కపక్కన సరిగ్గా కూర్చుంటే, చూసేవాళ్ల రెండు కళ్లకూ రెండు బొమ్మలూ కలిసిపోయి మనిషి ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా నిలబడదు. ఇన్నేళ్ల ఎండలకు పాత టేపు కాస్తా ఎండి రాలిపోయింది.

"ఇది పనికి రాదమ్మా. వేడికి జారుతున్నది" అన్నాడు నగేష్.

తల్లి నీలమ్మ ఏదో అనబోయింది. మంచం మీంచి మొగులయ్యే అందుకున్నాడు. "మంచి టేపు వెయ్ రా... వేడికి ఆగేది. పై అంచుకే వెయ్యి... కింద జాగ ఇడువు. వేడికి ఫిల్మ్ సాగుతది."

ప్రాణం పోయే వేళ కూడా టేపు దగ్గర పట్టింపే! నగేష్‌కు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. బండి తీసి చార్మినార్ వైపు పరుగెత్తించాడు.

కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు చూశాడు. చేతిలో పట్టుకుంటేనే జిగురు కారుతోంది. దెబ్బలకు వేసే తెల్ల టేపు మందం ఎక్కువ, చట్రం మూసుకోదు. ఫొటో షాపులో అడిగితే అక్కడివాడు ఏ కాలంలో ఉన్నావన్నట్టు నవ్వాడు. "ఫిల్మా? కౌన్‌సే జమానే మే హో భాయ్?"

ఆ నవ్వుకు నగేష్‌కు నడిబజార్లో ఏడుపొచ్చినంత పనైంది. అంతలో ఫోన్ మోగింది. నీలమ్మ.

"మీ బాపు ఊపిరి ఎగబోస్తున్నడు బిడ్డా. జల్ది రా."

గాజుల దుకాణాల మధ్య ఇరుకు సందులో బండి తిప్పుతుంటే, మొబైల్ రిపేరు బల్ల దగ్గర మున్నా అనేవాడు ఒక ఫోన్ లోపల బంగారు రంగు టేపు అతికిస్తూ కనిపించాడు.

"భాయ్, ఆ టేపు వేడికి కరుగుతదా?"

"కరుగుడా? సోల్డరింగ్ వేడి కాడ వేసేదే ఇది. కరగది, జారది."

"తీస్తే జిగురు అంటుతదా?"

మున్నా టేపు లాగి చూపించాడు. కింద మరక లేదు. "ఏం ఫోన్ భాయ్?"

"ఫోన్ కాదు భాయ్. మా అక్క."

మున్నా ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. టేపు చుట్ట తీసి అతని చేతిలో పెట్టాడు. "లే జావ్."

ఇంటికొచ్చి గడప వెలుతురులో కూర్చున్నాడు నగేష్. కుడి ముక్క పై అంచుకు టేపు వేశాడు. కుదిరింది. ఎడమ ముక్కకూ వేసి వేలితో ఒత్తబోతున్నాడు.

"నగేషా!" లోపలి నుంచి నీలమ్మ కేక.

ఆదరాబాదరాగా అట్ట మూసి వ్యూయర్‌లో దోపుకుంటూ గదిలోకి పరుగెత్తాడు. నీలమ్మ చెయ్యి చాపింది. "ఇటియ్యి, ముందు నేను చూస్త."

అది ఆ ఇంటి ఆనవాయితీ. ఏ స్లైడ్ అయినా ముందు నీలమ్మే చూడాలి. ఏది ముందుంది, ఏది వెనకుంది అని ఆమె చెప్పాకే మొగులయ్య చూసేవాడు. పెళ్లాం మీద ఆయనకున్న ముద్దుకు చుట్టాలంతా ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

"టైం లేదమ్మా!" నగేష్ ఆమెను తప్పించుకుని, వ్యూయర్ తండ్రి కళ్లకు ఆనించి లైటు నొక్కాడు.

మొగులయ్య ఎండిన పెదవులు కదిలాయి.

"గాజుల చెయ్యి బయటికొచ్చింది... పట్టుకుంటే అందేటట్టుంది."

ఆయన చెయ్యి గాల్లోకి లేచి దేన్నో తడిమింది. అలాగే మంచం మీద వాలిపోయింది. గొంతులో గురగుర ఆగింది.

నీలమ్మ ఆయన గుండె మీద పడి ఏడ్చింది. నగేష్ కూడా ఏడ్చాడు. కానీ ఆ ఏడుపులోనే ఎక్కడో చిన్న తృప్తి. అడిగింది చూపించే పంపాడు. తనూ అక్కను ఒకసారి చూసుకుందామని వ్యూయర్ కళ్లకు పెట్టుకున్నాడు.

కుడివైపు సోనీ ఉంది. ఎడమవైపు ఉత్త తెల్లటి వెలుతురు.

ఉలిక్కిపడి చూసుకున్నాడు. చొక్కా చేతి అంచుకు బంగారు రంగు టేపు అంటుకుని ఉంది. దానికి వేలాడుతూ రెండో సోనీ.

"అమ్మా, ఎడమ దిక్కు ఫిల్మే లేదే! బాపుకు ఏం కనపడ్డట్టు? నా మనసు కష్టపెట్టొద్దని అబద్ధం చెప్పి పోయిండు..." నగేష్ నెత్తి కొట్టుకున్నాడు.

నీలమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. ఫిల్మ్ ముక్కను జాగ్రత్తగా ఊడదీసి అరచేతిలో పెట్టుకుంది.

"అబద్ధం గాదు బిడ్డా. గాజుల చెయ్యి బయటికొచ్చిందని, పట్టుకుంటే అందేటట్టుందని ఈ బొమ్మ తీసినప్పుడు నేను చూసి చెప్పిన మాటనే అది. ఆ మంచి టేపు అడిగింది నీ కోసం, నా కోసం. స్టూడియోల తెలిస్తే పని పోతదని ఎవ్వరికి చెప్పనియ్యలె గానీ, మీ బాపుకు ఎడమ కన్ను మా పెండ్లికి ముందే పోయింది."