వెలిసిన నీలం

"అమ్మా, బయట తగిలించిన ఆ బొమ్మ ఇస్తారా?"

ఫ్రేముల షాపు ఆవిడ తలెత్తింది. గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు.

ఆయన చూపిస్తున్న బొమ్మ అందరికీ తెలిసిందే. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్న స్త్రీ. భుజాల మీద నీలం శాలువా.

"అదా బాబాయి గారూ! అది లేని ఇల్లుందా? మా ఇంట్లో కాళ్లు తుడుచుకునే పట్టా మీద కూడా ఆవిడే."

ఆయన నవ్వలేదు.

"అది ఎండకి వెలిసిపోయింది. లోపల కొత్తవి కట్టలు కట్టలున్నాయి, నిగనిగలాడుతూ. అందులోది తీసుకోండి."

"వద్దమ్మా. ఇదే కావాలి."

"ఎవరికైనా ఇవ్వడానికా?"

"మా ఇంట్లో గోడకి."

"సరే, ఫ్రేము వదులైంది. బిగించి ఉంచుతాను. సాయంత్రం రండి."

మనిషిని చూస్తే మెత్తగా ఉన్నారు. అలాంటాయనకి వెలిసిన సరుకు అంటగట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు. పాత బొమ్మ తీసేసి, అదే ఫ్రేములో కొత్తది బిగించింది. పాతదాన్ని ఎప్పటి అలవాటు ప్రకారం ముక్కలుగా చింపి, మడిచి, ఒక నిలువుటద్దం మూలలకి దెబ్బ తగలకుండా పెట్టి కట్టేసింది. మధ్యాహ్నమే ఆ అద్దం బండెక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"ఎక్కడికో పెళ్లికి బయల్దేరినట్టున్నారే!" అంటూ ఫ్రేము చేతిలో పెట్టింది.

ఆయన బొమ్మ వంక చూశారు.

"పాతది ఏదమ్మా?"

"చింపేశాను. ఎందుకూ పనికిరాదు కదా."

ఆయన శాలువా మీద వేలు పెట్టారు. "ఇంత నీలం కాదమ్మా ఇది. ఉతికి ఉతికి వెలిసిపోయిన శాలువా."

"మీరే ఉతికినట్టు చెప్తున్నారే!"

ఆయనా కొంచెం నవ్వారు. ఫ్రేమును గోడకి జాగ్రత్తగా ఆనించి వెళ్లిపోయారు.

గుమ్మంలో ఎదురైన ఏజెంటు చప్పున పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ప్రెస్సు నుంచి బొమ్మలు తెచ్చి వేసేది అతనే.

"అక్కా, ఆయన ఇక్కడికెందుకొచ్చారు?"

"వెలిసిన బొమ్మ కోసం. ఎవరాయన?"

"దీన్ని గీసినాయనే."

ఆవిడ చేతిలో సుత్తి ఆగిపోయింది.

"అసలుది మా ప్రెస్సులోనే తడిసి పాడైంది. రంగు దట్టంగా ఉంటేనే అమ్ముడుపోతుందని అచ్చులో నీలం పెంచిందీ మావాళ్లే."

ఆవిడ వీధిలోకి పరిగెత్తింది. సంచుల మీద, గొడుగుల మీద, ఫోన్ల వెనక, ఎటు చూసినా ఆ స్త్రీయే, ముదురు నీలంలో. ఆయన మాత్రం కనిపించలేదు.

తిరిగొచ్చి స్టూలు మీద కూలబడింది.

"మళ్లీ గీసుకోవచ్చుగా," అంది, తనకి తానే సర్దిచెప్పుకుంటున్నట్టు.

ఏజెంటు తల అడ్డంగా ఊపాడు.

"ఎవర్ని చూసి గీస్తారక్కా? ఆ కిటికీ పక్కన కూర్చోడానికి ఆయన భార్య ఇప్పుడు లేదుగా."