మణి పథ్యం

మణి చిక్కిపోతోంది. దాని తిండిని ఎవరో దొంగిలిస్తున్నారు.

మణి వడమాలపేటలో మామిడి తోటల మునిరత్నం ఇంటి కుక్క. తెల్లటి రాజపాళయం జాతి. పుట్టినప్పటి నుంచి పెరుగన్నం తిని గుమ్మడికాయలా గుండ్రంగా ఉండేది. పెరటాసి నెల మొదలైన రోజున, ఇంటావిడ వసంతమ్మ ఫోన్లో ఏదో చూసి, దానికి ఇకమీదట పచ్చిమాంసమే పెట్టాలని తేల్చేసింది.

"అడివిలో కుక్కలు పొయ్యి ఎలిగించుకోని వండుకుంటాయా? పచ్చిదే దాని ఒంటికి మంచిదంట," అంది.

ఆ ఇంట్లో చారులో ఉప్పు గురించి కూడా నలుగురివీ నాలుగు మాటలు. దీనికి మాత్రం నలుగురూ ఒకేసారి తలూపారు. నిజానికి పెరటాసి నెలంతా వెంకన్నకు మొక్కుకుని నీచు ముట్టని ఇల్లు అది. గుడ్డు కూడా గడప దాటి రాకూడదు. అయినా వసంతమ్మ అత్త దేవకమ్మే, "నోరు లేని జీవి, దానికేం మొక్కుబడి?" అని తీర్పు చెప్పింది. జిమ్ముకు వెళ్లే కొడుకు గిరిప్రసాద్ అయితే రోజుకు కిలోకు తగ్గకూడదన్నాడు.

వరండాలోని పాత ఫ్రిజ్‌ను మణికి కేటాయించారు. పుత్తూరు నుంచి బస్సులో వచ్చే పనిమనిషి గ్రేసీ, పొద్దున్నే మాంసం తెచ్చి అందులో పెట్టేది. సాయంత్రం ఉన్నదంతా మణి గిన్నెలో వేసేది.

ఆ నెల ఇల్లంతా భక్తే. దేవకమ్మ పూటపూటా గది తలుపులు బిగించుకుని సాంబ్రాణి వేసుకునేది. గీజరు నీళ్లు మొక్కుకు పనికిరావని వసంతమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద తానే నీళ్లు కాచుకుని తలస్నానం చేసేది. మునిరత్నం తోటలో మోటారు కొట్టం చేరి ధ్యానం చేసుకునేవాడు. గిరిప్రసాద్ కూడా స్నేహితుడి గదిలో భజన ఉందని వెళ్లేవాడంటే, ఆ ఇంటి భక్తి ఏ స్థాయికి చేరిందో అర్థం చేసుకోవచ్చు.

మూడు వారాలకు మణి పక్కటెముకలు బయటపడ్డాయి. ఓ సాయంత్రం వసంతమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఫ్రిజ్‌లో మిగిలిన మాంసం తూకం వేసింది. పొద్దున కిలో ఉన్నది పావుకిలోకు దిగింది.

ఇంట్లో వాళ్లందరూ మొక్కులో ఉన్నారు. మొక్కు లేనిది గ్రేసీ ఒక్కతే. ఇక విచారణ దేనికి?

"నిజం జెప్పు గ్రేసీ. మణి నోటికాడ కూడు యాడికి పోతా ఉండాది?" అని వసంతమ్మ నిలదీసింది.

"నాకేం ఖర్మమ్మా? నీసు తినొద్దని మాకెవురు జెప్పినారు? పెరటాసిలో మీరంతా మానేస్తే కోడి రేటు దిగొస్తాది. ఈ నెల్లోనే మేం బాగా తినేది. కుక్క కూడు నాకెందుకు?"

మాటలో న్యాయం ఉంది. అందుకే ఎవరూ వినలేదు. మూగజీవి నోరు కొట్టిందని నలుగురికీ కడుపు మండిపోయింది. ఆ కోపంలో నటన లేదు. రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు మునిరత్నం.

గ్రేసీ ఏడ్చేసింది. దొంగ అని పేరు పడితే ఇక ఏ ఇంట్లోనూ గడప తొక్కనివ్వరు. పదకొండేళ్లుగా ఆ ఇంటి బీరువా తాళాలు ఆమె కళ్ల ముందే వేలాడుతున్నా ఎన్నడూ చెయ్యి చాపలేదు.

"రేపు మద్దేనం దాకా ఉండనీండమ్మా. దొంగను నేనే పట్టిస్తా," అంది.

మర్నాడు అందరూ భోజనానికి కూర్చున్నాక, గ్రేసీ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కొంప మునిగింది! మణి కడుపులో పురుగులేమో అని పశువుల డాక్టరును అడిగితే పొడి ఇచ్చినాడు. మూడు దినాలుగా ఫ్రిజ్‌లో పెట్టే ముందే మాంసానికి పూస్తా ఉండా. ఇప్పుడు ఫోన్ జేసినాడు. కుక్కకు ఏం గాదంట గానీ, మనుషులు తింటే గొంతు మారిపోతాదంట. పొద్దు గూకేలోపల సూది ఏయించుకోకపోతే ఇంక మొరగడమేనంట!"

చారన్నంలో చేతులు ఆగిపోయాయి.

దేవకమ్మ గొంతు సవరించుకుని, "నా మోకాళ్లు పీకతా ఉండాయి. తిరుపతికి పొయ్యి డాక్టరుకు సూపియ్యాల," అంది. మునిరత్నానికి అదే నిమిషంలో తిరుపతిలో బ్యాంకు పని గుర్తొచ్చింది. గిరిప్రసాద్ కారు తాళాలు తీశాడు. ముగ్గురూ ఒకే కారెక్కారు. ఎక్కడికని ఎవరూ ఎవరినీ అడగలేదు.

వాకిట్లో నిలబడి చూసిన వసంతమ్మ, తిన్నగా అత్తగారి గదిలోకి వెళ్లి సాంబ్రాణి కుంపటి కదిపింది. బూడిదలో కాలిన కార్జం ముక్క బయటపడింది.

"ముగ్గురు దొంగల్ని ఇంట్లో పెట్టుకోని నిన్ను అంటిమి గదే! సామి సూస్తా ఉండాడనే భయం గూడా లేకపాయ ఈళ్లకు!" అని నెత్తి కొట్టుకుంది. గ్రేసీ చేతులు పట్టుకుని, "తప్పయిపాయ. నువ్వు యాడికీ పోవద్దు," అంది.

గ్రేసీ కళ్లు తుడుచుకుంది. పోయిన పరువు తిరిగి వచ్చినందుకు ఆమె గుండె తేలికపడింది. డాక్టరూ ఫోను చేయలేదు, పొడీ లేదు, అంతా తన కల్పనేనని ఈ ఒక్క మనిషికైనా చెప్పేద్దామని నోరు తెరిచింది.

ఈలోగా వసంతమ్మ వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. రెండుసార్లు దగ్గింది. చుట్టూ చూసి, చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"గ్రేసీ, దినానికి రెండే రెండు ముక్కలు తింటే గూడా ఆ పొడి పని జేస్తాదా?"