ఆరు బోన్లు

"ఇయ్యాల గూడ లేవా కాకా?" అంది షహీన్, తలుపు దగ్గరే నిలబడి.

లేవని తల అడ్డంగా ఊపాడు ఇస్తారి. ఇబ్రహీంపట్నం శివార్లలోని ఆ ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకునేది అతనే. భార్య పోయినప్పటి నుంచి అతను రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే మూడు ఎలుకలతోనే. నాలుగోది ఈ పిల్లతో.

షహీన్‌ది పరిశోధన. రాచకొండ గుట్టల్లో దొరికే ఒక తీగ వేరు నుంచి, మగవాళ్లు వాడితే పిల్లలు పుట్టకుండా ఉండే మందు తీసింది. ఆరు మగ ఎలుకలకు మూడు నెలలు తాగించింది. మందు పనిచేసింది, సరే. ఆపేస్తే మళ్లీ మామూలు కావాలి గదా, అసలు పరీక్ష అదే. ఆపి రెండు నెలలైంది. ఆరు బోన్లలోనూ ఆడ ఎలుకలను వదిలి చూశారు. ఒక్క పిల్లా పుట్టలేదు.

షహీన్ టిఫిన్ డబ్బా తెరవడం మానేసింది. ఒకరోజు దాణా బస్తా మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మూడేళ్ల కష్టం గంగలో కలిసిందని ఏడుస్తోంది పాపం, ఈ చదువులు పాడుగాను అనుకున్నాడు ఇస్తారి. ఫికర్ చేయొద్దని చెప్పాడు గాని, ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. తనను మనిషిలా పలకరించేది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఆదివారం కాలేజీలో పిట్టమనిషి లేడు. పోల్చి చూడటానికి వట్టి నీళ్లు తాగించిన మగ ఎలుకలు ఇంకో ఆరు పక్కనే ఉన్నాయి. ఇస్తారి వాటిని మందు తాగిన ఎలుకల బోన్లలోకి, వీటిని వాటి బోన్లలోకి మార్చాడు. తోకల మీద ఇంకు గుర్తులు వారం వారం దిద్దేది తనే. అవీ మార్చేశాడు.

నెల తిరిగేసరికి ఆరు బోన్లలోనూ ఎర్రెర్రటి పిల్లలు. షహీన్ ఒక్కో బోనూ రెండుసార్లు చూసి, నేల మీదే కూలబడి మళ్లీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. ఇస్తారికి కడుపు నిండినట్టయింది. అబద్ధమైతే ఏంది, పిల్ల మొహంలో నెత్తురు కనబడింది.

"ఇగ నీకు పీహెచ్‌డీ వచ్చినట్టే గద బిడ్డా" అన్నాడు.

"అది రాకుంటే రాకపాయె కాకా" అంది షహీన్, కళ్లు తుడుచుకుంటూ. తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"మా ఆయన గూడ మూడు నెలలు తాగిండు."