పద్నాలుగడుగుల సందు

“పద్దెనిమిది అడుగులని ఎవరు చెప్పారు మీకు?” టైలరక్క లేచి నిలబడి అడిగింది.

కార్పొరేషన్ మీటింగు హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. సందు చివరి ఖాళీ స్థలంలో మూడు వందల ఫ్లాట్లు కడతామని, వాటికి దారి ఆ సందులోంచేనని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడు. అభ్యంతరాలు వినడానికి కమిషనర్ మేడమ్ ఆ ఉదయం అందర్నీ పిలిపించింది. సందులో ఉన్న నలభై రెండిళ్ల వాళ్లూ పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు.

బిల్డరు తరఫున వచ్చిన మేనేజరు గోడకు తగిలించిన ప్లాను వైపు చూపించాడు. “సర్వే ప్రకారం అంతే ఉందమ్మా.”

“మీ సర్వే సంగతి నాకు చెప్పకండి. పొద్దున్నే ఈ చేత్తో టేపు పెట్టి కొలిచొచ్చాను. పద్నాలుగు. అంగుళం ఎక్కువ లేదు. నేను కుట్టిన చొక్కాకి చంకలో అరంగుళం తేడా వస్తేనే జనం గుమ్మమెక్కి దులిపేస్తారు. మీరు ఏకంగా నాలుగడుగుల తేడా మింగేసి, త్రేన్పు కూడా లేకుండా కూర్చున్నారే.”

వెనక కుర్చీల్లోంచి నవ్వులు వినిపించాయి. పక్కనున్న మొగుడు ఆమె మోచేయి పట్టుకుని లాగాడు. “కాస్త నెమ్మదిగా మాట్లాడవే. ఆఫీసర్లున్నారు.”

“వాళ్లు వినాలనే కదా వచ్చింది.”

కోపం వచ్చినప్పుడు అందరిలా ఆమె గొంతు పెరగదు. దారప్పోగులా సన్నబడి, వినేవాళ్ల చెవుల్లో గుచ్చుకుంటుంది. ఇప్పుడు అలాగే గుచ్చుకుంటోంది.

“ఇప్పుడు మీ కార్లూ ఆటోలూ తిరగట్లేదా అండీ? మేమూ అలాగే సర్దుకుంటాం,” అన్నాడు మేనేజరు.

“సర్దుకోవడానికి ఇదేమన్నా బస్సులో సీటా? మూడు వందల కుటుంబాలు. తెల్లారితే అన్ని బండ్లూ మా గుమ్మాల ముందే హారన్లు కొడతాయి. మా అత్తగారు గడప దాటి కాలు కింద పెట్టాలంటే ముందు మీ బండ్లను అడగాలా?”

కమిషనర్ మేడమ్ పెన్ను ఎత్తింది. “ట్రాఫిక్ సంగతి రాసుకున్నామమ్మా. ఇంకేమైనా ఉందా?”

టైలరక్క మేనేజరును వదిలేసి, చివరి కుర్చీలో కూర్చున్న ఫైరాఫీసరు వైపు తిరిగింది.

“మీరు చెప్పండి సార్. ఆ ఫ్లాట్లకి మంటలంటుకుంటే మీ ఇంజను మా సందులోంచి వస్తుందా?”

ఆయన ముందున్న కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. “మలుపు దగ్గర కొంచెం కష్టం.”

“కష్టమా, రాదా?”

“రాదమ్మా.”

హాలంతా చప్పట్లు. మేనేజరు చెయ్యెత్తాడు. “ఇన్నాళ్లూ అక్కడ ఏ ప్రమాదమూ జరగలేదు కదండీ.”

ఆ మాటతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. మర్యాద కూడా జారిపోయింది. “జరగలేదు కాబట్టి జరగదంటావా? నీ పెళ్లాం పిల్లల్ని తెచ్చి పెడతావా అక్కడ? ఈ రాత్రికి మా ఇంట్లో సిలిండరు పేలినా ఇంతమందిమీ మాడి మసైపోవలసిందే. రాసుకోండి మేడమ్.”

కమిషనర్ తలెత్తింది. “అంటే, ఇప్పుడున్న మీ ఇళ్లకు కూడా ఫైరింజను రాదంటున్నారా?”

“రాదు గాక రాదు.”

“ఆలోచించి చెప్పండి. ఇది రికార్డులోకి ఎక్కుతుంది.”

“ఎక్కించండి. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి.”

గుమాస్తా టైపు చేసి తెచ్చిన కాగితం మీద ఆమె చిరిగిపోయేంత గట్టిగా సంతకం పెట్టింది. ఆమె వెనక తక్కిన నలభై ఒక్క ఇళ్ల వాళ్లూ వరసకట్టారు. “ఒకసారి పూర్తిగా చదివితే...” అని మొగుడు నసిగాడు.

“చదివేదేముంది? అబద్ధం ఏమన్నా చెప్పామా?”

మేనేజరు ఆ వరసనే చూస్తూ కూర్చున్నాడు. వాడికి నోరు పడిపోయిందని వెనకెవరో అన్నారు.

అరగంట తర్వాత కమిషనర్ మేడమ్ లోపలి గదిలోంచి వచ్చి ఉత్తర్వు చదివింది. “దారి చాలనందున ఫ్లాట్ల నిర్మాణానికి నగర పాలక సంస్థ అనుమతి నిరాకరిస్తోంది.”

మిగతాది ఎవరికీ వినపడలేదు. కుర్చీలు కిందపడ్డాయి. టైలరక్కను చుట్టుపక్కల వాళ్లు వాటేసుకున్నారు. ఆమె పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి, సీసాలో నీళ్లు గటగటా తాగింది.

“కూర్చోండి. ఇంకా అయిపోలేదు,” అంది కమిషనర్. “ఇప్పుడున్న ఇళ్లకు కూడా ప్రాణాపాయం ఉందని నివాసులే రాతపూర్వకంగా చెప్పినందున, ఆ సందును ముప్పై అడుగుల రోడ్డుగా విస్తరించాలి. ఇరువైపులా ప్రతి ఇంటి నుంచి ఎనిమిదడుగులు తీసుకోవాలి. మూడు నెలల్లో పని పూర్తి చేయాలి.”

ఎనిమిదడుగులంటే టైలరక్క కుట్టుమిషను ఉన్న ముందు గది మొత్తం. ఆ గోడ పోతే అత్తగారి మంచం రోడ్డు మీదే.

“మేం అడిగింది ఇది కాదు మేడమ్,” అంది. ఈసారి గొంతు సన్నబడలేదు.

“తెలుసమ్మా. కానీ మీరు సంతకాలు పెట్టాక నేను ఊరుకుంటే, రేపు ఏదైనా జరిగితే పాపం నాదే.”

తక్కిన నలభై ఒక్క ఇళ్ల వాళ్లూ టైలరక్క వైపే చూస్తున్నారు. ఇందాక వాటేసుకున్నవాళ్లు ఒక్కో అడుగే దూరం జరిగారు. ఆమె ఒక్క ఉదుటున లేచి మేనేజరు మీదికి వెళ్లింది. “అంతా నీ వల్లే. ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు? నీ ఫ్లాట్లూ పోయాయి, మా ఇళ్లూ పోయాయి.”

మేనేజరు ప్లాను చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

“రోడ్డు పడ్డాక ఫ్లాట్లకి మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటాం లెండి. ఆ సందు వెడల్పు చేయించడానికి మూడేళ్లుగా ఈ ఆఫీసు మెట్ల మీద మా చెప్పులరిగాయి, మీరు ఒక్క పూటలో సాధించారమ్మా.”