కొండెక్కుతానన్న దుప్పిపిల్ల

ఒక అడవిలో పుట్టుకతోనే మూడు కాళ్లున్న దుప్పిపిల్ల ఉండేది. తల్లి ఏది నోటికందిస్తే అదే తినేది.

ఒకనాడు ముసలి తాబేలు దాని ముందు గరిక, రేగుపళ్లు పెట్టి, “ఏది కావాలమ్మా?” అని అడిగింది.

“దానికేం తెలుసు అవ్వా!” అంది తల్లి.

పిల్ల బిత్తరపోయింది. మూడోరోజుకు గానీ రేగుపళ్లవైపు మూతి చాచలేదు. తాబేలు రోజూ ఏదో ఒకటి అడిగేది, జవాబు వచ్చేదాకా కదిలేది కాదు.

ఒక ఉదయం, “నీడలో ఉంటావా, ఏటికి వస్తావా?” అని అడిగింది.

“రెండూ వద్దు. కొండెక్కుతాను.”

“వద్దు!” అంటూ తల్లి దారికి అడ్డం నిలిచింది.

“అడిగాక ఆపకూడదు,” అంది తాబేలు.

తల్లి వెనకే నడిచింది. పిల్ల పడుతూ లేస్తూ మధ్యాహ్నానికి కొండకొమ్ము చేరింది. కింద అడవంతా కనిపించింది, దూరంగా సముద్రం కూడా.

“అమ్మా, లోకం ఇంత పెద్దదా!”

తల్లి బిడ్డనే చూస్తూ, “ఇన్నాళ్లూ నిన్నొక్కమాట అడగలేదు కదే తల్లీ,” అంది.