చేతికి కుదిరిన గొడ్డలి

“ముస్తకీమూ, బిర్యాని పొయ్యి ముట్టించేలోపు ఎవరి కుప్ప పెద్దగుంటే రేపటి నుంచి పని వాళ్లదే!”

దశరథ్ సేటు మాటకు ముస్తకీమ్ తన గొడ్డలి అందుకున్నాడు. నల్గొండలో ఆ హోటల్ పెట్టిన నాటి నుంచి కట్టెలు కొట్టేది అతనే. ఈ మధ్య చెయ్యి నెమ్మదించింది. రోజూ పొయ్యి ఆలస్యమవుతోంది. సరిగ్గా ఇవాళే భాగ్యశ్రీ అనే ఆమె గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి, “గాయన కంటె జల్ది కొడ్త, పందెం పెట్టుండ్రి” అని సేటును ఎగేసింది.

పందెం అనగానే గల్లీలోని హోటళ్లన్నీ కదిలాయి. వంటవాళ్లు, కట్టెలు కొట్టేవాళ్లు చేతుల్లో చాయ్ గ్లాసులతో వచ్చి గోడవారన నిలబడ్డారు.

భాగ్యశ్రీ చున్నీ నడుముకు బిగించింది. ఒక్క దెబ్బ. తుమ్మ మొద్దు రెండుగా విడిపోయింది. ఇంకో దెబ్బ. ఇంకో మొద్దు.

ముస్తకీమ్ గొడ్డలి మాత్రం దెబ్బ దెబ్బకూ మొద్దులో ఇరుక్కుంటోంది. కాలు పెట్టి తన్ని ఊడబెరుక్కోవాల్సి వస్తోంది.

“చాచా, కట్టె కొడ్తున్నవా? కట్టెతోని కుస్తీ పడ్తున్నవా?” అంది ఆమె.

“నోరు కాదు బేటీ, చెయ్యి ఆడియ్యి!”

గోడవారన నవ్వులు. ముస్తకీమ్‌కు చెమటలు కారుతున్నాయి. పని పోయిందని ఇంటికి పోయి భార్య అజీజాకు ఏ ముఖంతో చెప్పాలి?

ఉన్నట్టుండి భాగ్యశ్రీ ఆగింది. దగ్గరికొచ్చి అతని గొడ్డలి లాక్కుంది.

“గింత బరువేంది చాచా? లేపనీకే సగం బలం పోతాంది. కామ చూడు, ఈ పిడికట్టె ఎంత లావుందో! నీ వేళ్లు చుట్టూ తిరిగి వస్తలేవు. ఇగ పట్టు ఎక్కడిది? నీ చెయ్యి, నా చెయ్యి ఒక్క తీరుగున్నయ్. ఇది పట్టి చూడు.”

“నీది నాకిస్తే నువ్వు ఓడిపోవా?”

“ఓడిపోతే ఓడిపోత. నీకెందుకు ఫికర్? పట్టు!”

ముస్తకీమ్ అనుమానంగానే పట్టుకున్నాడు. కామ పిడికిట్లో ఇమిడిపోయింది. లేపితే దానంతటదే లేచినట్టుంది. కొట్టాడు. మొద్దు నిలువునా చీలింది! ముస్తకీమ్ తన చేతుల వంక చూసుకున్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ చీలింది.

“వారెవ్వా చాచా!” గోడవారన ఎవరో ఈల వేశారు.

ఇక అతను ఆగలేదు. అవతల భాగ్యశ్రీ చేతిలోని అతని పాత గొడ్డలి మొద్దులో దిగబడింది. రెండు చేతులా గుంజుతోంది, రావడం లేదు. ముఖమంతా చెమట. అయినా నవ్వుతూనే ఉంది.

“పొయ్యి ముట్టించిన!” వంటశాల నుంచి కేక.

దశరథ్ రెండు కుప్పలూ చూశాడు. ముస్తకీమ్ కుప్ప అతని నడుము దాటింది.

“పని ముస్తకీమ్‌దే!”

చప్పట్లు మోగాయి. జనం ముస్తకీమ్‌ను చుట్టుముట్టారు. గల్లీలో కట్టెలు కొట్టేవాళ్లంతా ఆ గొడ్డలిని చేతులు మార్చుకుంటూ లేపి చూస్తున్నారు, తిప్పి చూస్తున్నారు. ముస్తకీమ్ ఎలాగో దాన్ని లాక్కుని భాగ్యశ్రీ ముందుకు చాపాడు.

“బేటీ, నీ గొడ్డలితోనే నీ నోటికాడి కూడు గుంజుకున్న. మాఫ్ చెయ్యి.”

భాగ్యశ్రీ పకపకా నవ్వింది.

“కట్టెలు కొట్టే పని నాకెందుకు చాచా? బస్టాండు ముందట ఇయ్యాల్నే గొడ్డళ్ల దుకాణం తెరిచిన. గిరాకి ఒక్కరూ రాకపోతే, నేనే గిరాకి కాడికి వచ్చిన!”